కౌలు కాగితానికి భయమెందుకు?

తోట్లవల్లూరు మండలంలో భూమి ఒకరిది, సేద్యం మరొకరిది కావడం కొత్త సంగతి కాదు. ఉద్యోగరీత్యా విజయవాడ, హైదరాబాదు చేరినవారు, విదేశాలలో స్థిరపడినవారు, వయసు పైబడి సేద్యం మానుకున్నవారు తమ పొలాలను కౌలుకు ఇస్తున్నారు. కరకట్ట లోపల మాగాణికి ఎకరాకు ఇన్ని బస్తాలని, కట్ట అవతల లంకలలో పసుపు, కంద, అరటి వేసే భూములకు ఎకరాకు ఇంత రొక్కమని మాట్లాడుకుంటారు. ఈ బేరమంతా చాలావరకు నోటిమాట మీదనే నడుస్తున్నది. కాగితం మాట ఎత్తగానే ఆసామి వెనుకాడుతున్నాడు.

ఇదే ఆసామికి పట్నంలో మేడమీద వాటా ఉంటే, అద్దెకిచ్చేటప్పుడు అడ్వాన్సు పుచ్చుకుని స్టాంపు కాగితం మీద 11 నెలలకు ఒప్పందం రాయించుకుంటాడు. ఏడాది దాటే అద్దె పత్రాన్ని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పినందున వచ్చిన అలవాటది. రెండు గదుల వాటాకు అక్కరకు వచ్చిన కాగితం నాలుగెకరాల పొలానికి ఎందుకు పనికిరాదు?

ఆసాముల భయానికి కారణం లేకపోలేదు. 1956 నాటి కౌలుదారీ చట్టానికి 1974లో చేసిన సవరణతో కౌలు గడువు కనీసం 6 ఏళ్లయింది. భూమి అమ్మదలిస్తే ముందుగా కౌలుదారునే అడగాలన్న నియమం కూడా వచ్చింది. కౌలుదారుని రక్షించడానికి చేసిన ఈ ఏర్పాటుకు జడిసి ఆసాములు అసలు కాగితమే మానుకున్నారు. ఏడాదికో, రెండేళ్లకో కౌలుదారుని మార్చడం పరిపాటి అయింది. రక్షణ చట్టంలోనే మిగిలింది, పొలం దాకా రాలేదు.

ఈ చిక్కు తీర్చడానికే 2011లో ఒక చట్టం తెచ్చి కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దీని ప్రకారం ఆసామి, సాగుదారు ఇద్దరూ 11 నెలలకు ఒప్పందం మీద సంతకాలు చేస్తారు. సాగుదారుకు దక్కేది పంట మీద హక్కు మాత్రమే. అంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం. భూమి మీద ఆసామి హక్కుకు ఎటువంటి భంగమూ లేదు.

మరొక సంగతి. పరాయివాడు 12 ఏళ్లు అనుభవిస్తే భూమి పోతుందన్న మాట ఆసాములను కలవరపెడుతుంటుంది. ఆసామి అనుమతితో కౌలుకు చేసేవాని అనుభవం అటువంటిది కాదు. అయితే ఆ అనుమతిని రేపు రుజువు చేయవలసి వస్తే నోటిమాట కన్నా సంతకమే గట్టిది. కనుక కాగితం సాగుదారుకు ఎంత అవసరమో ఆసామికీ అంతే అవసరం.

కాగితం విలువ వరద వచ్చిన ఏడు తెలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వచ్చింది. లంక పొలాలు మునిగాయి. ఇటువంటప్పుడు పరిహారం వచ్చేది ఇ-పంటలో నమోదైన పేరు మీదనే. విత్తనం కొన్నదీ, కూలీలకు ఇచ్చినదీ, ముందుగా కౌలు చెల్లించినదీ సాగుదారు. నమోదు మాత్రం ఆసామి పేర ఉంటే సొమ్ము ఆసామి ఖాతాలో పడుతుంది. మంచి ఆసామి అయితే పిలిచి ఇస్తాడు. మునిగినవాని బతుకు ఎదుటివాని మంచితనం మీద ఆధారపడడం శోచనీయం.

బ్యాంకు సంగతీ అంతే. పొలం మీద ఆసామే పంట రుణం తీసుకుని ఉంటే సాగుదారుకు మళ్లీ రుణం పుట్టదు. అతడు ప్రైవేటు అప్పుకు పోతాడు. పంట దెబ్బతిన్న ఏడు వడ్డీకి పోగా మిగిలేదేమీ ఉండదు. అప్పుడు బకాయి పడేది ఆసామి కౌలే అని గమనించాలి.

కాగితంలో ఏమి రాయాలన్నది కూడా ముఖ్యమే. సర్వే నెంబరు, విస్తీర్ణం, హద్దులు, కౌలు ఎంత, ఎప్పుడు ఇవ్వాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. వరదకు పంట పోతే కౌలులో ఎంత తగ్గించాలో ముందే తేల్చుకోవాలి. నీటి తీరువా, మోటారు కరెంటు, బోదె పూడికతీత ఎవరి వంతో రాసుకోవాలి. చెరకు, అరటి వంటి పైరు 11 నెలలు దాటి చేలో ఉంటే ఏమి చేయాలో అనుకోవాలి. కౌలు ముట్టినప్పుడల్లా రసీదు ఇవ్వాలి. వీటిలో చాలావాటికి చట్టంతో పనిలేదు. తర్వాత పెద్దమనుషుల ముందుకు పోయే తగవులన్నీ వీటి దగ్గరే పుడుతున్నాయి.

అధికారుల బాధ్యత కూడా ఉన్నది. ఊరిలో లేని ఆసామి సంతకం కోసం సాగుదారు తిరగలేకపోతున్నాడు. సంక్రాంతికి ఆసాములు స్వగ్రామాలకు వస్తారు. ఆ నాలుగు రోజులలో రెవెన్యూ, వ్యవసాయ సిబ్బంది గ్రామసభ పెట్టి, ఒప్పంద పత్రాన్ని అందరికీ చదివి వినిపించి, సందేహాలు తీర్చాలి. తొలకరికి సంతకాలు అందేలా ఆనాడే మాట తీసుకోవాలి. ఆసాములు కూడా సాగుదారు అడిగేది తమ భూమిని కాదని, తన కష్టానికి ఒక ఆధారాన్ని మాత్రమేనని గ్రహించాలి. ఏడాది పొడవునా పొలం అప్పగించి నమ్మినవానికి ఒక సంతకం ఇవ్వడానికి వెనుకాడడం న్యాయం కాదు.