పొగాకు పరిమళం - హితమా, అహితమా?

మనసుకు ఇంపైనదంతా దేహానికి హితమనుకోవడం ఎంత పొరపాటో, పేరు వినగానే ఒక వస్తువును విషమని త్రోసిపుచ్చడమూ అంతే పొరపాటు. పొగాకు, వెనిల్లా మేళవించిన విదేశీ సెంట్ల విషయంలో ఈ రెండు ధోరణులూ మన ఇళ్ళలో కనిపిస్తున్నాయి. విదేశాలలో ఉన్న కుమారుడు సెలవులకు వస్తూ తండ్రికి ఒక సీసా తెస్తాడు. "పొగాకు సెంటా! ఇంట్లో ఉంచవద్దు" అని తల్లి అంటుంది. "వాసనే కదమ్మా, ఏమవుతుంది?" అని కుమారుడంటాడు. నా అభిప్రాయంలో ఇద్దరి మాటలోనూ సగమే సత్యమున్నది.

టామ్ ఫోర్డ్ సంస్థ 2007లో విడుదల చేసిన 'టొబాకో వనిల్' ఈ తరహా సెంట్లకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పొగాకు ఆకు, వెనిల్లా, అల్లం, కోకో, టోంకా గింజ, ఎండుపండ్లు కలిసిన వెచ్చని ఘాటు దానిది. అయితే అది కాలిన చుట్ట కంపు కాదు. బ్యారన్‌లో పదును చేసిన ఆకుకు ఉండే, తేనె, ఎండుగడ్డి కలిసినట్లుండే వాసన అది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు దానిని నేను వర్ణించనక్కరలేదు. వెనిల్లా కాయకు కూడా పచ్చిగా ఉన్నప్పుడు ఆ సువాసన ఉండదు. వేడినీట ముంచి, చెమర్చజేసి, ఎండబెట్టి, నెలల తరబడి మాగబెట్టిన పిమ్మటనే అది పుడుతుంది. పొగాకు వలన కలిగే మహాహాని ఆకును కాల్చి పొగ పీల్చడంలోనూ, నమలడంలోనూ ఉన్నది. బట్టలపై చల్లుకొన్న సెంటును దానితో సమానంగా చూడడం న్యాయం కాదు.

పొగాకు, వెనిల్లా, టోంకా మూడూ అమెరికా ఖండాల నుండి వచ్చినవి. కనుక మన ప్రాచీన సంహితలలో వీటి ప్రసక్తి లేదు. చరకుడు చెప్పిన ధూమవర్తిలో ఏలకులు, చందనం, వట్టివేరు వంటివి ఉన్నాయే గాని పొగాకు లేదు. అయినా పరిమళాన్ని ఎప్పుడు వాడాలో మన శాస్త్రం చెప్పే ఉన్నది. హేమంతంలో కుంకుమపువ్వు, కస్తూరి పూతలు, అగరు ధూపం. గ్రీష్మంలో చందనం, మల్లెమాలలు అని అష్టాంగహృదయంలో వాగ్భటుడు విధించాడు. ఈ సూత్రాన్ని అన్వయిస్తే, ఇటువంటి ఉష్ణ పరిమళం మార్గశిర, పుష్య మాసాల సాయంవేళలకు తగినది. రోహిణి కార్తె ఎండలో, చెమటతో కిక్కిరిసిన బస్సులో అది ధరించినవారికీ, పక్కవారికీ బాధాకరమే.

ఇక తల్లి భయంలోని సత్యానికి వద్దాం. ఆ తండ్రి ఇటీవలనే సిగరెట్ మానినవాడైతే? పాత అలవాటును గుర్తుచేసే వాసనలు కోరికను రేపగలవు. 2019లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పొగ త్రాగేవారికి వివిధ వాసనలు చూపించి పరీక్షించారు. వెనిల్లా, పుదీనా, నిమ్మ వంటి వాటిలో తమకు ఇష్టమైన సువాసనను పీల్చినవారికి సిగరెట్‌పై కోరిక బాగా తగ్గింది. పొగాకు వాసన పీల్చినవారికి అంతగా తగ్గలేదు. కనుక కొత్తగా మానినవారికి పొగాకు సెంటు తగిన కానుక కాదు. వారి జేబులో నాలుగు ఏలకులుంచి, మనసు లాగినప్పుడు ఒకటి చిదిమి వాసన చూడమనడం మేలు. ఖర్చు స్వల్పం, హాని లేదు.

తక్కినవారు కొద్ది జాగ్రత్తలతో వాడుకోవచ్చు. టోంకా గింజలోని కుమారిన్ అనే పదార్థం కొందరి చర్మానికి పడదు. అందుచేత ముందుగా మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి, ఒకటి రెండు రోజులు గమనించాలి. దురద, ఎరుపు కనిపిస్తే వాడకం మానాలి. ఉబ్బసం, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారి గదిలోనూ, పసిపిల్లల దగ్గరా ఏ ఘాటైన సెంటూ పనికిరాదు.

సీసా ఖరీదును బట్టి గాక, ఋతువును, శరీరతత్త్వాన్ని, ఇంటిలోని వారిని బట్టి పరిమళాన్ని ఎంచుకోవడమే వివేకం. సిగరెట్ మానిన తండ్రి ఉన్న ఇంట మాత్రం తల్లి మాటే నెగ్గాలని నా మనవి.