మన గొంతు మన వీధిలో వినబడాలి



2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు గంజాం జిల్లా చీకట్లో మునిగింది. 2020 లాక్‌డౌన్‌లో సూరత్ మరమగ్గాల మీద పనిచేసే మన జిల్లావాళ్ళు కూలి ఇమ్మని, ఇంటికి పంపమని రోడ్డెక్కారు. తిరిగొచ్చినవారిని ఊరి బడుల్లోనే విడిగా ఉంచారు. ఆ రెండుసార్లూ మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పుకార్లు విని బెంబేలెత్తారు. నిజమేదో మన భాషలో, మనం నమ్మే మనిషి నోట చెప్పించుకునే సాధనం మన చేతిలో లేదు.

అందుకే బరంపురంలో బడులు, వీధి సంఘాలు, పొదుపు సంఘాలు కలిసి ఒక సామాజిక రేడియో పెట్టుకోవాలని మేము అంటున్నాం.

"యూనియనే ఎందుకు పెట్టకూడదు?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని 2006లో కేంద్రం ప్రకటించిన విధానం రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ కార్మిక సంఘాలకు లైసెన్సు లేదన్నది. విద్యాసంస్థలకు, కనీసం మూడేళ్ళుగా పనిచేస్తున్న రిజిస్టరు సేవాసంస్థలకు మాత్రం దారి తెరిచింది. బొలీవియా గని కార్మికులు 1940ల చివరి నుంచి తమ జీతంలో కొంత కోసుకుని సొంత రేడియోలు నడిపారు. సైన్యం దాడి చేసినా మళ్ళీ నిలబెట్టుకున్నారు. ఆ హక్కు మనకు లేకపోవడం అన్యాయం. ఆ నిబంధన మార్చమని అడుగుదాం. అయితే అది మారేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు.

"సొంత వార్తలు చెప్పనివ్వని రేడియోలో మన సమ్మె కబురు రాదు గదా, మనకేం లాభం?" అనేది రెండో ప్రశ్న. నిజమే, రాదు. ఆ పని ఈ బులెటిన్ చేస్తుంది. కాని మిల్లు మారినప్పుడు పి.ఎఫ్. ఖాతా ఎలా మార్చుకోవాలి, ఇ.ఎస్.ఐ. కార్డుతో ఇంటివాళ్ళకు వైద్యం ఎలా అందుతుంది, దూదిపొడి ఊపిరితిత్తులను ఏం చేస్తుంది, తుఫాను వస్తే ఏ బడికి చేరాలి అన్నవి చెప్పడానికి ఏ అడ్డూ లేదు. మన బతుకులో సగం ఇవే.

ఇక భాష సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక మనం ఇక్కడ అల్పసంఖ్యాకులమయ్యాం. ఒడియా మనకు పరాయిది కాదు, ఇరుగు పొరుగు భాష. కాని తెలుగు మాట్లాడే మన పిల్లల్లో తెలుగు చదవలేనివారు ఎందరో ఉన్నారు. చదవలేని భాషనైనా చెవి వింటుంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలని ఆ 2006 విధానమే చెబుతోంది. బడిపిల్లలు మగ్గం దగ్గర కూర్చున్న తాతను ప్రశ్నలడిగి రికార్డు చేస్తే అది పాఠమూ అవుతుంది, ప్రసారమూ అవుతుంది.

లైసెన్సు వచ్చేదాకా ఆగాలా? అక్కరలేదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలుపెట్టింది. అంతకు ముందు దాదాపు పదేళ్ళు అనుమతి లేకపోయినా వాళ్ళు ఊరుకోలేదు. కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. మనకు ఈనాడు చేతిలో ఫోనుంది. వారానికొక అరగంట రికార్డు చేసి వీధి అరుగు మీద వినిపించడానికి ఎవరి అనుమతి కావాలి?

మన వంతు మూడు పనులు. ఇంటికింత అని చందా ఇవ్వాలి. రిటైరైన కార్మికులు బడికి వెళ్ళి తమ అనుభవం చెప్పాలి. ప్రతి వీధి నుంచి ఒక మగ, ఒక ఆడ మనిషిని కార్యక్రమాల కమిటీకి పంపాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాం: చందా ఇచ్చాం గదా అని ఆ రేడియో మీద మన జెండా కట్టకూడదు. అలా చేస్తే లైసెన్సూ పోతుంది, ఇరుగు పొరుగు నమ్మకమూ పోతుంది.

రైల్వే కార్మికులను కూడగట్టిన వి.వి. గిరి 1894లో పుట్టిన ఊరు ఇది. ఇక్కడి కార్మికుడికి నోరు లేదనిపించుకోవద్దు. వచ్చే వీధి సమావేశానికి ఇంటిల్లిపాదీ రండి.