పోలీసు పిస్తోలు - అభ్యాసము

అయ్యా,

పోలీసువారి పాత రివాల్వర్లు తీసివేసి కొత్త పిస్తోళ్ళు ఇస్తే శాంతిభద్రతలు వాటంతట అవే చక్కబడగలవన్న అభిప్రాయం జనంలో ఉన్నది. ఈ విషయమై నాలుగు మాటలు తమ పత్రికాముఖమున విన్నవింపగోరుచున్నాను.

గ్లాక్ 17 అనే పిస్తోలునే తీసుకొందాం. ఆస్ట్రియా దేశస్థుడు గాస్టన్ గ్లాక్ దీనిని రూపొందించగా, 1982లో ఆ దేశపు సైన్యం స్వీకరించింది. నేడు అనేక దేశాల పోలీసులు దీనిని వాడుతున్నారు. మన దేశంలో ఎన్.ఎస్.జి. దళం వద్దా ఉన్నది. చట్రం ప్లాస్టిక్ జాతి పదార్థం కనుక తేలిక. 9 మిల్లీమీటర్ల తూటాలు 17 పడతాయి. పాత రివాల్వరులో సాధారణంగా ఆరే పట్టేవి.

దీనిని పత్రికలలో "ఆటోమేటిక్" అని వ్రాయడం కద్దు. మీట నొక్కిపట్టితే తూటాలు వానలా కురుస్తాయని పాఠకులు భ్రమపడతారు. అది సరికాదు. ఒక నొక్కుకు ఒకే తూటా. పేలిన విసురుకు పైభాగం వెనుకకు జరిగి, ఖాళీ తొడుగును బయటకు విసరి, మరల ముందుకు వస్తూ తరువాతి తూటాను గొట్టంలోకి చేరుస్తుంది. యంత్రం పని అంతవరకే. మరల పేలాలంటే మరల నొక్కవలసినదే. అందుకే దీనిని సెమీ ఆటోమేటిక్ అంటారు.

చిక్కంతా గొట్టంలోని ఆ తూటాతోనే. పిడిలోని మాగజైను ఊడదీసినా అది అక్కడే ఉంటుంది. పైగా మామూలు గ్లాక్‌కు చేతితో వేసే సేఫ్టీ మీట లేదు. క్రింద పడినా పేలకుండా లోపల ఏర్పాట్లున్నవి గాని, వ్రేలు పడి మీట నిండుగా నొక్కుకొంటే ఆపగలది లేదు. శుభ్రపరచుటకు విడదీయాలన్నా ముందు మీట నొక్కాలి. గొట్టం చూచుకొనక నొక్కితే ప్రక్కనున్నవాని గతి ఏమిటి? రైల్వే స్టేషనులోనో, జాతరలోనో నిలిచిన పిల్లల గతి ఏమిటి?

మహారాష్ట్రలో తరతరాలుగా స్థిరపడిన మనకు ముంబయి ఛత్రపతి శివాజీ టెర్మినస్ క్రొత్త కాదు. 2008 నవంబరు 26 రాత్రి అక్కడ 58 మంది హతులైనారు. ఆనాటి దాడులను పరిశీలించిన రామ్ ప్రధాన్ సంఘం, పోలీసులకు కాల్పుల అభ్యాసం చాలని లోపాన్ని ఎత్తిచూపింది. ఆ రాత్రే తుకారాం ఓంబ్లే గారు లాఠీ తప్ప వేరొక ఆయుధం లేకుండగనే కసబ్ తుపాకిని ఒడిసిపట్టి ప్రాణమిచ్చారు. 2009లో ఆయనకు అశోకచక్ర ప్రదానమైనది. అట్టి ధైర్యవంతులకు మంచి ఆయుధమూ ఇవ్వాలి, దానిని వాడే నేర్పూ ఇవ్వాలి.

కావున ప్రభుత్వంవారికి నా మనవి ఇది. పిస్తోలు ధరించే ప్రతి ఉద్యోగికీ ఏటా నిజమైన తూటాలతో అభ్యాసం తప్పనిసరి చేయాలి. ఆయుధం ఖాళీ చేయుటకు ప్రతి స్టేషనులో ఇసుక నింపిన పెట్టె ఉంచాలి. మాగజైను తీసిన పిమ్మట గొట్టాన్ని కంటితోను, వ్రేలితోను పరీక్షించే అలవాటు చేయించాలి. అభ్యాసం ఎందరికి జరిగినదో ఏటేటా ప్రజలకు తెలుపాలి.

తూటాల ఖర్చు అధికమని కొందరు ఆక్షేపించవచ్చు. ఏనుగును కొని అంకుశానికి వెనుకాడడం ఏ పాటి పొదుపు?

షోలాపురం.

భవదీయుడు,
ఒక పాఠకుడు