ఆట ఉంది, ఊరికి జట్టు లేదు

పాలమూరులో ఆటలకు కరువు లేదు. సంక్రాంతి అని, ఉగాది అని, ఊరి జాతర అని, పోయిన పెద్దమనిషి స్మారకమని ఏదో ఒక పేరుతో కొల్లాపూర్, అచ్చంపేట, వనపర్తి చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట కబడ్డీకో వాలీబాల్‌కో సున్నం గీతలు పడుతూనే ఉంటాయి. ఎంట్రీ ఫీజు, మొదటి బహుమతి, రెండో బహుమతి, దాతల ఫొటోలతో ఫ్లెక్సీ, మైకులో వ్యాఖ్యానం అన్నీ ఉంటాయి. మూడో రోజు రాత్రికి కప్పు ఎవరో ఎత్తుకుపోతారు. మర్నాడు కొల్లాపూర్ జట్టు ఏదని అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు. ఆడిన పిల్లలు ఉన్నారు, నేర్పిన పీఈటీ ఉన్నాడు, చూసిన జనం ఉన్నారు, జట్టు మాత్రం లేదు. దీనికి డబ్బు లేమి కారణమంటారు, సర్కారు పట్టించుకోకపోవడం కారణమంటారు. రెండూ కొంతవరకు నిజమే. కానీ అంతకు ముందు తేల్చుకోవలసిన సంగతి ఇంకొకటుంది: జట్టు ఎవరి సొత్తు? దానికి జవాబు లేనిచోట ఎంత డబ్బు పోసినా అది మూడు రోజుల ముచ్చటే అవుతుందని నా వాదన.

ఈ మాటకు సాక్ష్యం చాలా దూరం నుంచి తెస్తున్నాను. కెనడాలో సస్కాచెవాన్ అనే రాష్ట్రం ఉంది. మైళ్లకొద్దీ గోధుమ పొలాలు, శీతాకాలంలో గడ్డకట్టే చలి. అక్కడ స్విఫ్ట్ కరెంట్ అనే పట్టణంలో 2021 లెక్కల ప్రకారం ఉన్నది 16,750 మంది, అంటే మన వైపు ఒక చిన్న మున్సిపాలిటీ అంత. ఆ ఊరికి బ్రాంకోస్ అనే ఐస్ హాకీ జట్టు ఉంది. ఆడేవాళ్లు 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు. వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను స్థానిక కుటుంబాలు తమ ఇళ్లలో పెట్టుకుని తిండి పెడతాయి. ఆ జట్టు 1967లో మొదలైంది. చిన్న ఊళ్లో గిట్టుబాటు కాక 1974లో పక్క రాష్ట్రంలోని లెత్‌బ్రిడ్జ్ నగరానికి తరలిపోయింది. పన్నెండేళ్లు ఊరు ఆ జట్టు లేకుండా గడిపింది. 1986లో ఊరివాళ్లే కూడి ఆ జట్టును కొని వెనక్కి తెచ్చుకున్నారు. తెచ్చుకున్న ఏడాదే, డిసెంబర్ 30న, మ్యాచ్ ఆడటానికి పోతున్న జట్టు బస్సు మంచు రోడ్డు మీద అదుపు తప్పి బోల్తా కొట్టింది. నలుగురు ఆటగాళ్లు చనిపోయారు. కొత్తగా చేతికొచ్చిన జట్టుకు ఇంత దెబ్బ తగిలితే మూసేయడానికి ఆ ఒక్క కారణం చాలు. మూసేయలేదు. 1989లో అదే జట్టు కెనడా జూనియర్ హాకీలో అన్నిటికంటే పెద్దదైన మెమోరియల్ కప్ ఫైనల్లో సస్కటూన్ నగర జట్టును దాని సొంత మైదానంలో, అదనపు సమయంలో 4-3తో ఓడించింది. ఆనాడు ఆ బస్సులోంచి బతికి బయటపడ్డ జో సాకిక్ తర్వాత ప్రపంచ ప్రసిద్ధ ఆటగాడై, 2002 ఒలింపిక్స్‌లో కెనడాకు బంగారు పతకం తెచ్చిన జట్టులో ముందు నిలిచాడు.

గెలుపు కథలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ముఖ్యమనిపించింది ఆ జట్టు యాజమాన్యం. బ్రాంకోస్‌కు ఆసామి లేడు. అది లాభాపేక్ష లేని ఊరి సంస్థ, దాన్ని నడిపేది జీతం తీసుకోని స్థానికుల బోర్డు. బ్రాంకోస్ ఆడే లీగ్‌లోనే ఇంకో చిన్న ఊరి గతి చూస్తే తేడా తెలుస్తుంది. బ్రిటిష్ కొలంబియాలోని క్రాన్‌బ్రుక్ జనాభా దాదాపు ఇరవై వేలు, స్విఫ్ట్ కరెంట్ కంటే కాస్త పెద్ద ఊరే. దాని జట్టు కూటెనే ఐస్ మూడుసార్లు లీగ్ గెలిచింది, 2002లో మెమోరియల్ కప్ కూడా తెచ్చింది. కానీ అది ప్రైవేటు సొత్తు. 2017లో యజమాని అమ్మేశాడు, 2019లో కొత్త యజమానులు దాన్ని పెద్ద నగరమైన విన్నిపెగ్‌కు పట్టుకుపోయారు. అక్కడా గిట్టక 2023లో అమెరికాలోని ఇంకో ఊరికి అమ్ముడుపోయింది. కప్పుల లెక్కలో క్రాన్‌బ్రుక్ ఏమీ తీసిపోలేదు. జట్టు వెళ్లిపోతుంటే ఆపడానికి ఊరి చేతిలో కాగితం లేదు, అంతే.

కెనడా సంగతి మనకెందుకు అనేవాళ్లకు హైదరాబాద్ ఉంది. 1939లో మొదలైన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. కలకత్తా క్లబ్బులు ఏలుతున్న కాలంలో అది చిన్న విషయం కాదు. ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆయన చేతి కింద భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్బోర్న్ వెళ్లినవాళ్లలో లతీఫ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదీలు గుంపుగా ఉన్నారు. (2024లో హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా మన పిల్లల్లో ఎంతమందికి రహీమ్ పేరు తెలుసో అనుమానమే. ఆయన మీద తొలి సినిమా తెలుగులో రాకపోవడం మన తీరుకు తగ్గట్టే ఉంది.) 1963లో రహీమ్ చనిపోయారు. అప్పటికే బలరాం వంటి వాళ్లు కలకత్తా చేరిపోయారు. ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారిన జట్టు 1960ల మొదట్లో ఇంకొన్ని కప్పులు గెలిచి, తర్వాత మెల్లగా వెలుగు కోల్పోయింది. ఒక గురువు పోయినందుకే జట్టు పోయిందంటే నేను నమ్మను. అది ఒక శాఖ జట్టు. ఆట మీద ప్రేమున్న అధికారులు ఉన్నన్నాళ్లు పిల్లలకు కొలువులు దొరికాయి, జట్టు నిలిచింది. ఆ ప్రేమ తగ్గినప్పుడు ‘మా జట్టును ఏం చేస్తున్నారు?’ అని అడిగే హక్కు చప్పట్లు కొట్టిన జనానికి ఏ కాగితం మీదా లేదు.

శాఖల కాలం పోయి యజమానుల కాలం వచ్చాక మారిందేమీ లేదు. హైదరాబాద్ క్రికెట్ జట్టు దక్కన్ చార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, 2012లో క్రికెట్ బోర్డు ఒప్పందం రద్దు చేయడంతో మాయమైంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టి, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి, చేతులు మారి, 2025లో ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చుకుంది. ఈ రెండు జట్లూ తమ కప్పులు గెలిచింది హైదరాబాద్‌లో కాదు. ఒకటి దక్షిణాఫ్రికాలో, ఒకటి గోవాలో. కారణాలు వేరు, అక్కడ ఎన్నికలు, ఇక్కడ కరోనా. అయినా నగరం తరఫున ఆడిన జట్టుకు నగరంతో ఎంత పని ఉందో అందులోనే కనిపిస్తుంది.

ఇక మన పల్లెల పోటీలకు వద్దాం. ఇక్కడ చిక్కు యాజమాన్యంతో ఆగదు, ఆడించే పద్ధతిలోనూ ఉంది. పదహారు జట్లతో నాకౌట్ పెడితే మొత్తం జరిగేవి పదిహేను మ్యాచులు. ఎనిమిది జట్లు ఒక్క ఆట ఆడి ఇంటిదారి పడతాయి. ఏడాదంతా ప్రాక్టీసు చేసిన పిల్లవాడికి దక్కేది నలభై నిమిషాలు. స్కూల్ గేమ్స్ తీరూ ఇంతే. మండలం, జిల్లా, జోన్, రాష్ట్రం అంటూ పైకి పోయేకొద్దీ మంచివాళ్లను ఏరుతారు, ఏరినవాళ్లను నాలుగు రోజులు జట్టు అంటారు, పోటీ కాగానే ఎవరి ఊరికి వాళ్లు. పైకి పంపడానికి అది పనికొస్తుంది, ఊళ్లో ఆట నిలబెట్టడానికి పనికిరాదు. బ్రాంకోస్ ఆడే లీగ్‌లో ఒక్కో జట్టుకు సీజన్‌లో 68 మ్యాచులు, అందులో సగం సొంత ఊళ్లోనే. ఓడినా వచ్చేవారం మళ్లీ ఆట ఉంటుంది. ఓడిన మర్నాడు తప్పు దిద్దుకునే వీలుంటేనే ఆట వస్తుంది. అదే లెక్క మనకు వేసి చూడండి. కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి, వనపర్తి, కొత్తకోట, ఆత్మకూరు, గద్వాల. ఈ ఎనిమిది ఊళ్ల జట్లు ఒకదాని ఊరికి ఒకటి పోయి రెండేసిసార్లు కబడ్డీ ఆడితే 56 మ్యాచులు. ప్రతి జట్టుకు పద్నాలుగు, అందులో ఏడు సొంత జనం ముందు.

డబ్బెక్కడిది అని మొదటి ప్రశ్న వస్తుంది. ఐస్ హాకీకి మంచు గట్టిపరిచే యంత్రాలు, పైకప్పున్న స్టేడియం, రాత్రుళ్లు వందల మైళ్ల బస్సు ప్రయాణాలు కావాలి. కబడ్డీకి మెత్తటి మన్ను, సున్నం, ఈల ఉంటే మొదలుపెట్టొచ్చు. మ్యాట్ తర్వాత చూసుకోవచ్చు. పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు పెద్దలు ఏడుసార్లు ఆర్టీసీ బస్సులో పోయి రావడం, ఆ పూట భోజనం, అంతే ఖర్చు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కూడితే సంఘం పెట్టుకోవచ్చు. అందులో వెయ్యిమంది సభ్యులుగా చేరి ఏడాదికి 200 రూపాయలు కడితే 2 లక్షలు. కొల్లాపూర్ మామిడి పేరు హైదరాబాద్ మార్కెట్‌లో ఎవరికి తెలియదు? ఆ వ్యాపారంలోంచి ఒకరిద్దరు బనియన్ల మీద పేరు వేయించుకుంటే చాలు, మిగతా ఖర్చు గడుస్తుంది. ఇప్పుడు మూడు రోజుల పోటీకి ప్రైజ్ మనీ, షామియానా, మైకు, ఫ్లెక్సీల మీద పోసే డబ్బు దీనికంటే తక్కువేమీ కాదని నా అంచనా. గత ప్రభుత్వం 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు తెరిచింది. చాలాచోట్ల బోర్డు ఒక్కటే మిగిలింది. స్థలం ఉంది, అక్కడ ఫలానా రోజు ఫలానా ఆట అని రాసుకున్న క్యాలెండర్ లేదు.

రెండో ప్రశ్న ఇంతకంటే గట్టిది. ఊరి సంఘం అంటే చివరికి రాజకీయ నాయకుడి సంఘమో, ఒక కులం సంఘమో అయిపోదా? అవుతుంది, అడ్డం పెట్టకపోతే. పాల సంఘాలు, సహకార బ్యాంకులు ఏమయ్యాయో అందరం చూశాం. అందుకే నియమాలు ముందే రాసుకోవాలి. పదవిలో ఉన్నవాళ్లు పాలకవర్గంలో ఉండకూడదు. దాత ఎంత ఇచ్చినా ఓటు ఒక్కటే. ఆటగాళ్ల ఎంపికలో పాలకవర్గం వేలు పెట్టకూడదు, జమాఖర్చు ఏటా మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించాలి. ఇవన్నీ ఉన్నా కొట్లాటలు జరుగుతాయి, సరే. కొట్లాడుకునే సర్వసభ్య సమావేశం ఒకటి ఉండటమే నేను కోరేది. క్రాన్‌బ్రుక్‌లో కొట్లాడే చోటే లేకపోయింది.

మూడో అభ్యంతరం బ్రాంకోస్ చరిత్రలోంచే వస్తుంది. దాన్ని దాచి ఆ జట్టును పొగడటం అన్యాయం. 1989లో కప్పు తెచ్చిన శిక్షకుడు గ్రాహం జేమ్స్ తన చేతికింది కుర్రాళ్లను ఏళ్ల తరబడి లైంగికంగా హింసించాడు. ఆటగాడు షెల్డన్ కెనెడీ 1996లో పోలీసులకు చెబితే అది బయటికొచ్చింది, 1997లో జేమ్స్ నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. ఊరు జట్టును ఎంతగా ప్రేమిస్తే గెలిపించే గురువు మీద అనుమానం అంత ఆలస్యంగా పుడుతుంది. ఇది ఊరి యాజమాన్యానికి ఉన్న అసలు ప్రమాదం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ప్రైవేటు అకాడమీలో, సర్కారు హాస్టల్లో ఆ ప్రమాదం తక్కువని చెప్పడానికి ఆధారం లేదు. అక్కడ అడిగేవాళ్లు ఇంకా తక్కువ. పోక్సో చట్టం మనకు 2012 నుంచి ఉంది. ప్రయాణంలో పిల్లలతో ఏ పెద్దమనిషీ ఒంటరిగా ఉండకూడదని, జట్టు వెంట ఒక తల్లో తండ్రో తప్పక పోవాలని, శిక్షకుడితో సంబంధం లేని మనిషి ఒకరు ఫిర్యాదులు వినాలని సంఘం నియమాల్లో మొదటి పేజీలోనే ఉండాలి. కెనడా జూనియర్ హాకీలో ఇంకో మచ్చ కూలి గురించి. టిక్కెట్లు అమ్ముకుని ఆడించే కుర్రాళ్లకు కనీస వేతనం ఇవ్వరని 2014లో మాజీ ఆటగాళ్లు కోర్టుకెక్కారు. దానికి ప్రతిగా బ్రాంకోస్ ఆడే లీగ్ చూపేది ఒక మంచి పద్ధతి: ఆడిన ప్రతి సీజన్‌కు ఒక ఏడాది కాలేజీ ఫీజు, పుస్తకాల ఖర్చు ఇస్తుంది. వేతనానికి అది బదులా కాదా అన్నది వాళ్ల తగువు. ఆటలో పడితే చదువు పోతుందని భయపడే పాలమూరు తల్లిదండ్రులకు మాత్రం, రెండేళ్లు ఆడితే రెండేళ్ల డిగ్రీ ఫీజు అనే మాట ఏ ఉపన్యాసం కంటే బాగా అర్థమవుతుంది.

ఒక విషయంలో మనం వాళ్లకంటే మెరుగ్గా మొదలుపెట్టొచ్చు. ఆ లీగ్ మొత్తం మగపిల్లలదే. మన దగ్గర గురుకులాల్లో, కస్తూర్బా బడుల్లో ఆడపిల్లలు కబడ్డీ, ఖోఖో ఆడుతూనే ఉన్నారు. పైగా 2023 డిసెంబర్ నుంచి రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కాబట్టి కొల్లాపూర్ ఆడపిల్లల జట్టు గద్వాల పోయి రావడానికి టిక్కెట్ ఖర్చే లేదు. మొదటి ఏడాది డబ్బు తక్కువ పడితే ముందు ఆడపిల్లల లీగ్ మొదలుపెట్టడమే లెక్క ప్రకారం తెలివైన పని.

కాలం ఒక్కటే నన్ను వెనక్కి లాగుతోంది. పరీక్షలకు అడ్డం రాకుండా ఆడించాలంటే దసరా నుంచి సంక్రాంతి దాకా ఉన్న పన్నెండు, పదిహేను ఆదివారాలే దిక్కు. సరిగ్గా అవే పత్తి ఏరే రోజులు. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఆదివారం పిల్లవాడు ఇంట్లో ఖాళీగా ఉండడు, చేన్లో ఉంటాడు. ఆ కూలి వదులుకొమ్మని ఏ సంఘమూ అడగలేదు, అడగకూడదు. అందుకని మ్యాచులు పొద్దుగూకాక, ఆరున్నర తర్వాత పెట్టాలి. దానికి కోర్టు చుట్టూ నాలుగు స్తంభాలు, లైట్లు, కరెంటు కనెక్షన్ కావాలి. సభ్యుల చందాతో అది కాదు, మున్సిపాలిటీయే పెట్టాలి. సంఘం రిజిస్టర్ అయ్యాక మొదటి తీర్మానం ఆ లైట్ల కోసమే ఉండాలి.