బొమ్మ బండి అని తీసిపారేయొద్దు

రాళ్లెక్కే రిమోట్ క్రాలర్‌కు సొంతంగా బాడీ కడతామంటే "చదువు మానేసి ఆటలా?" అంటున్నారు. అందులో చదువే ఉన్నదని మేము అంటున్నాం.

1:10 స్కేల్ అంటే అసలు బండిలో పదో వంతు. ఇరుసుల మధ్య 3 మీటర్లుంటే మోడల్‌లో 30 సెంటీమీటర్లు. కామారెడ్డి, ఎల్లారెడ్డి తండాలకొచ్చే పికప్ బండిని టేపుతో కొలిచి, కాగితం మీద గీసి, సన్‌బోర్డు కోసి అతికిస్తే నిష్పత్తుల లెక్క చేతికే వస్తది. పైభాగం బరువైతే ఎత్తు ఎక్కేటప్పుడు బోల్తా కొడ్తది. గురుత్వ కేంద్రం పాఠం అక్కడ అర్థమైతది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా టైరు బాడీకి రాసుకోకుండా కోయాలె. ఒక్కసారికి కుదరదు, మళ్లా కొలవాలె. లారీ బాడీ కట్టే మేస్త్రీ పని కూడా ఇదే కదా!

2016లో నీతి ఆయోగ్ మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు బడికి 20 లక్షల దాకా ఇచ్చిన్రు. చేతులతో చేసి నేర్చుకునేటందుకే అవి. ల్యాబ్ ఉన్న బడిలో మన పిల్లలకూ సమయం ఇయ్యమని అడుగుదాం. లేనిచోట హాస్టల్‌లో ఆదివారం ఒక పూట చాలు. ఛాసిస్ ఖరీదైనది, పది మందికి ఒకటి కొందాం. బాడీ మాత్రం ఎవరిది వాళ్లే కట్టాలె.

కొన్నది నడపడం అందరికీ వస్తది. కట్టడం మనం నేర్చుకుందాం.