ఊరిపేరు లేని జాగిలం

జాతికుక్కల గ్రంథాలలో జన్మస్థానాన్ని నిర్ణయించే తీరు చూస్తే నాకు ఆశ్చర్యం కన్న ఆగ్రహమే ఎక్కువ కలుగుతుంది. పేరులో ఊరుంటే ఆ ఊరే పుట్టినిల్లు. పేరులో ఊరు లేదా, ఆ జీవి అనామకం!

2005లో మన తపాలాశాఖ నాలుగు దేశీయ శునకజాతులకు బిళ్ళలు వేసింది: ముధోల్, రాజపాళయం, రాంపూర్, హిమాలయాల గొర్రెలకాపరి కుక్క. నాలుగింటికీ పేరులోనే చిరునామా ఉంది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగంలో దేశీయజాతులను పేరుపేరునా తలచినప్పుడు సైతం మన తెలుగునాటి జొనంగి ఊసు రాలేదు.

పోనీ, పేరు నమ్మదగిన సాక్ష్యమా? గ్రేట్ డేన్ అనే మహాశునకం పేరులో డెన్మార్కు ఉంది. అంతర్జాతీయ శునకసమాఖ్య మాత్రం దానిని జర్మనీ జాతిగా లెక్కవేస్తుంది. అంతదూరం ఎందుకు? మన ఒంగోలు పశువును బ్రెజిల్ దేశస్థులు ‘నెలోర్’ అంటారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. కచేరీ కాగితం మీది జిల్లాపేరు పశువుకు ఇంటిపేరై సముద్రాలు దాటింది.

కాబట్టి జీవి పుట్టినిల్లును దాని పనిలో వెదకాలని నా వాదం. జొనంగి పని ఏమిటి? బాతులను కాయడం. కురచబొచ్చు, ముడతల నుదురు, మొరగడం తక్కువ. గొయ్యి తవ్వుకొని అందులో పడుకుంటుంది. బాతులమందను చెదరనీయక నడిపించే ఈ కుక్క కొల్లేటి చుట్టుపట్ల రైతుల చేతిలో రూపుదిద్దుకొన్నది. బురద, నీరు, వరిమడి, బాతు – ఈ నాలుగూ కలిసినచోటే దాని జన్మభూమి. ‘ఆంధ్రప్రదేశ్’ అని ఒక్కమాట వ్రాసి ఊరుకుంటే అనంతపురం మెట్టకూ కొల్లేటి బురదకూ భేదం లేనట్లే కదా! తాటిపాకలో కూర్చొని వ్రాస్తున్న నేను దానిని మా కోనసీమదని లాగికొనబోవడం లేదు. కొల్లేటిది కొల్లేటికే చెందాలి.

మరికొందరు ఇంత శ్రమ కూడ పడరు. ఊరకుక్కలన్నిటినీ ‘పరయా’ అనే ఆంగ్లగ్రంథాల మాట క్రింద కట్టిపడవేస్తారు. అది తమిళదేశంలో ఒక కులం పేరు. మనుషులను వెలివేసిన మాటను కుక్కకు తగిలించడం ఏ శాస్త్రం? వేటకుక్కకు మన కావ్యాలలో జాగిలమనే చక్కని మాట ఉన్నది. పోలీసుకుక్కల గురించి వ్రాసేటప్పుడు పత్రికలవారికి గుర్తుకువచ్చే ఆ మాట జాతిగ్రంథాలకు ఎందుకు పనికిరాదు?

“కుక్క ఎక్కడ పుడితేనేం?” అనేవారికి ఒక్కటే సమాధానం. కొల్లేటి చుట్టూ చేపలచెరువులు పెరిగి బాతులమందలు తగ్గాయి. కుక్కకు పని పోయింది. 2006లో ప్రభుత్వం అభయారణ్యంలోని చెరువులగట్లు తెగగొట్టించింది. ఆ గట్ల మీద వాదం పక్షులను గూర్చీ చేపలను గూర్చీ సాగింది. పుట్టినిల్లు ఏదో వ్రాసి ఉంచని జీవిని ఆ ఇల్లు చెడినప్పుడు తలచేవారెవరు?

ఇకమీద జాతిగ్రంథం వ్రాసేవారు జొనంగి పేరు ప్రక్కన ‘కొల్లేరు’ అని స్పష్టంగా వ్రాయాలి. దాని క్రిందనే ‘బాతుల కాపరి’ అనీ వ్రాయాలి.