వాడ నుంచి ఒక మాట - 17: పంపు ఎవరి చేతిలో ఉంది?



మొన్న ఆదివారం మా డిగ్రీ విద్యార్థులతో కలిసి ఒక సర్కారు బడి ఆవరణలో పిల్లల చేత నీళ్ళ రాకెట్లు చేయించాను. తెలుగు చెప్పేవాడికి రాకెట్లతో ఏం పని అని స్టాఫ్‌రూమ్‌లో నవ్వారు. నాకు పని ఉంది.

సరంజామా పెద్దదేం కాదు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలు, రెక్కలకు అట్టముక్కలు, టేపు, రబ్బరు బిరడా, దానికి గుచ్చడానికి బంతికి గాలి కొట్టే సూది, సైకిల్ పంపు. సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, బిరడా బిగించి, తలకిందులుగా నిలబెట్టి, పిల్లల్ని దూరంగా నిలిపి గాలి కొట్టాలి. ఒత్తిడికి బిరడా ఊడి నీళ్ళు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది. న్యూటన్ మూడో సూత్రం.

ఇరవై మంది పిల్లలు, నలుగురేసి ఐదు గుంపులు. "పనులు మీరే పంచుకోండి" అని ఊరుకున్నాను. అదే నా తప్పు. కాసేపటికి చూస్తే ప్రతి గుంపులోనూ పంపు ఊరి అబ్బాయి చేతిలో ఉంది. వాడ పిల్లలు అట్టతుక్కు ఏరుతున్నారు, పడిన సీసా తేవడానికి పరిగెడుతున్నారు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. చెప్పకుండానే అందరికీ తమ చోటు తెలుసు. కులం పనుల్నే కాదు, పనిచేసే మనుషుల్నీ విడగొడుతుందని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించాడు. క్లాసులో చాలాసార్లు చెప్పాను. పదేళ్ళ పిల్లల్లో చూసేసరికి నోట మాట రాలేదు.

ఆపించాను. కత్తిరించడం, నీళ్ళు కొలవడం, పంపు కొట్టడం, లెక్క రాయడం అని చీటీలు రాశాం. ప్రతి ప్రయోగానికీ చీటీ మారాలి. ఊడ్చడం మాత్రం అందరిదీ, నాతో సహా.

"నేను ఊడ్చను సార్" అన్నాడొకడు.

"అయితే పంపు కూడా నీది కాదు నాన్నా."

కాసేపు నిలబడి చీపురు అందుకున్నాడు.

నీళ్ళ చీటీ ఒక వాడ అమ్మాయికి వచ్చింది. ముప్పాతిక సీసా పోసింది, మోకాలెత్తు లేచి పడింది. సగం పోసింది. మూడో వంతుకి వేపచెట్టు దాటింది. "నీళ్ళు ఎక్కువైతే గాలికి చోటుండదు సార్, తోసేది గాలే కదా" అంది. పొద్దుట్నించీ తుక్కు ఏరిన పిల్ల. చీటీ రాకపోతే ఆ మాట ఆమెలోనే ఉండిపోయేది.

పిల్లల మధ్యకు కులాన్ని ఎందుకు తెస్తారు అని ఒక మాస్టారు అడిగారు. నేను తేలేదు. నేను వెళ్ళేసరికే అక్కడుంది. ఏమీ మాట్లాడకుండా ఉంటే పోయేది కూడా కాదు.

1971లో శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ లేచింది. ఆ దీవి యానాదులు బతికిన అడవి. కేంద్రం కోసం వాళ్ళను అక్కణ్ణుంచి కదిలించారు. నేల ఇచ్చినవాళ్ళ పిల్లలకు మీట నొక్కే వంతు ఎప్పుడొస్తుంది?

మీరూ పిల్లలతో ఏదైనా చేయించండి. పంచడం మాత్రం వాళ్ళకే వదిలేయకండి. ముందు పంపు ఎవరి చేతిలో ఉందో, చీపురు ఎవరి చేతిలో ఉందో చూడండి.

జై భీమ్.